వెళ్ళకపోయినా పదవి పోయినవాళ్ళు

(బెంగళూరు బసవనగుడిలో ఒక ఆదివారం ఉదయం తెలుగు పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం. సభలో నుంచి వచ్చిన మాటల్ని కొన్నిచోట్ల అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినిపిస్తోందా అండీ? వినిపించకపోతే మొహమాటపడకుండా చెయ్యెత్తండి.

నాయకుల తాయెత్తులు, చాట్‌బాట్ల జవాబులు అని కరపత్రంలో వేశారు. మోకాలికీ బోడిగుండుకీ ముడిపెడుతున్నారేమిటని ఇందాక టీ దగ్గర ఒకాయన అడిగారు కూడా. ముడి ఉందండీ. ఒబామా గారి జేబులోంచి మొదలుపెడదాం.

2016 జనవరిలో, పదవిలో చివరి ఏడాది, ఆయన ఒక యూట్యూబ్ ఇంటర్వ్యూలో జేబులో ఉన్న చిన్నచిన్న వస్తువులు తీసి చూపించారు. పోప్ ఫ్రాన్సిస్ ఇచ్చిన జపమాల, ఒక బౌద్ధ భిక్షువు ఇచ్చిన బుల్లి బుద్ధుడు, ఇథియోపియా శిలువ, అయోవాలో ప్రచారానికి తిరుగుతున్నప్పుడు ఒక మీసాల బైకర్ చేతిలో పెట్టిన పేకాట బిళ్ళ, వాటితోపాటు మన హనుమంతుడు. నాకు మూఢనమ్మకాలు పెద్దగా లేవు, ఎప్పుడైనా అలిసిపోయి డీలా పడితే మాత్రం జేబులో చెయ్యిపెట్టి వీటిని తడుముకుంటాను అన్న అర్థం వచ్చేట్టు చెప్పారు. అప్పట్లో ఇది మన వాట్సాప్ గ్రూపుల్లో ఎంత తిరిగిందో మీకు తెలుసు. అమెరికా అధ్యక్షుడే ఆంజనేయస్వామిని నమ్ముకున్నాడని. పేకాట బిళ్ళ సంగతి మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యలేదు.

(నవ్వులు)

ఇంకో సంగతి ఉంది. అంతకుముందు 2008లో, ఆయన ఇంకా అభ్యర్థిగా ఉన్నప్పుడే, ఆ జేబులో హనుమంతుడున్నాడన్న వార్త ఇక్కడికి చేరింది. ఢిల్లీలో కొందరు పూజలు చేయించి, బంగారు పూత వేసిన 2 అడుగుల హనుమంతుడి విగ్రహాన్ని ఆయనకు పంపమని ఆయన డెమోక్రటిక్ పార్టీ ప్రతినిధికి అప్పగించారు. ఇదీ నిజమే. పత్రికల్లో వచ్చింది.

ఈ ప్రసంగానికి తయారవుతూ ఒక చాట్‌బాట్‌ని తెలుగులో అడిగాను. ఒబామా జేబులో ఉండే హనుమంతుణ్ణి ఎవరిచ్చారు అని. చక్కటి తెలుగులో జవాబొచ్చింది. ఢిల్లీ భక్తులు 2008లో బహూకరించిన బంగారు పూత విగ్రహాన్ని ఆయన నేటికీ తన జేబులో భద్రంగా ఉంచుకుంటున్నారట. 2 అడుగుల విగ్రహమండీ. ఏ దర్జీ కుట్టాడో ఆ జేబు!

(నవ్వులు)

నవ్వుకున్నాం, బాగుంది. కానీ ఒక్క క్షణం ఆ వాక్యాన్ని విప్పి చూడండి. ఒబామా, నిజం. జేబు, నిజం. హనుమంతుడు, నిజం. ఢిల్లీ, 2008, బంగారు పూత, అన్నీ నిజం. కలిపి కుట్టిన కుట్టు ఒక్కటే అబద్ధం. ఆ యంత్రానికి జేబు ఎంతుంటుందో, 2 అడుగులంటే ఎంతో తెలియదు. ఏ మాట పక్కన ఏ మాట వస్తుందో కోట్ల పేజీల నుంచి నేర్చుకుని, తరవాత రావడానికి వీలున్న మాటను అంచనా వేసుకుంటూ పోతుంది. ఒబామా, హనుమంతుడు అన్న రెండు మాటలు కలిసి కనిపించిన చోటల్లా ఈ రెండు కథలూ పక్కపక్కనే ఉన్నాయి. రెండూ అతుక్కుపోయాయి. పూర్తిగా కల్పించిన అబద్ధమైతే మనం ఇట్టే పట్టేస్తాం. ముప్పాతిక నిజానికి పావు అబద్ధం కలిసినప్పుడే మింగేస్తాం.

ఇక మన ఊరికి వద్దాం. ఇక్కడ పాతికేళ్ళ నుంచి ఉంటున్నవాళ్ళకి చామరాజనగర గురించి చెప్పక్కర్లేదు. కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్ పిల్లల కోసం చెబుతాను. మైసూరు దాటి దక్షిణంగా వెళితే వస్తుంది. జిల్లా కేంద్రం. ఆ ఊళ్ళో కాలుపెట్టిన ముఖ్యమంత్రికి పదవి పోతుందని కర్ణాటకలో పెద్ద నమ్మకం. జాబితా కూడా ఉంది. దేవరాజ్ అర్స్ వెళ్ళారు, 1980లో దిగిపోయారు. గుండూరావు వెళ్ళారు, 1983లో ఓడిపోయారు. రామకృష్ణ హెగ్డే, 1988. ఎస్.ఆర్. బొమ్మై, 1989. వీరేంద్ర పాటిల్, 1990. వరసగా అయిదుగురు. ఇంత వరస కనిపిస్తే ఎంత హేతువాదికైనా గుండె ఒకసారి ఝల్లుమంటుంది, కాదంటే అబద్ధం.

ఇప్పుడు ఒక్కొక్కరి సంగతీ చూద్దాం. అర్స్ ఇందిరాగాంధీతో తెగతెంపులు చేసుకున్నారు. 1980 లోక్‌సభ ఎన్నికల్లో ఆవిడ తిరిగి గెలవగానే ఇక్కడ ఆయన ఎమ్మెల్యేలు అటు దూకేశారు. గుండూరావు ఎన్నికల్లో ఓడారు. హెగ్డే ఫోన్ ట్యాపింగ్ గొడవలో రాజీనామా చేశారు. బొమ్మై గారి ప్రభుత్వాన్ని కేంద్రం రద్దు చేసింది. ఆ కేసు మీదే 1994లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, రాష్ట్రపతి పాలన గురించి ఎక్కడ మాట్లాడినా ఇవాళ్టికీ బొమ్మై పేరు వస్తుంది. వీరేంద్ర పాటిల్ జబ్బుపడి ఉన్నారు, రాష్ట్రంలో మతకలహాలు జరిగాయి, రాజీవ్ గాంధీ మన బెంగళూరు విమానాశ్రయంలోనే ఆయన్ని మారుస్తున్నట్టు చెప్పేశారు. అయిదుగురికీ అయిదు కారణాలు, అన్నీ బహిరంగంగా జరిగినవే. ఏ ఒక్కదానిలోనూ చామరాజనగర బస్టాండుకి పాత్ర లేదు.

అయినా ఇది వాదన గెలవడానికి చాలదు. నమ్మేవాళ్ళు అంటారు, కారణం ఏదైతేనేం, పోయిందా లేదా? న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు రెండో జాబితాలో ఉంది. ఆ జాబితా ఎవరూ రాయరు.

వెళ్ళకుండా జాగ్రత్తపడ్డవాళ్ళ జాబితా అండీ. ఎస్.ఎం. కృష్ణ వెళ్ళలేదు. 2004లో ఓడిపోయారు. ధరమ్ సింగ్ వెళ్ళలేదు. 2006లో మద్దతిచ్చిన పార్టీయే కాళ్ళకింద తివాచీ లాగేసింది. యడియూరప్ప వెళ్ళలేదు. 2011లో గనుల మీద లోకాయుక్త నివేదిక వచ్చాక దిగిపోయారు. సదానంద గౌడ వెళ్ళలేదు. ఏడాది తిరక్కుండానే 2012లో మార్చేశారు. యడియూరప్ప మళ్ళీ 2019లో వచ్చారు, మళ్ళీ ఆ ఊరికి వెళ్ళలేదు, 2021 జులైలో మళ్ళీ దిగారు. అదే జిల్లాలో ఉన్న మలె మహదేశ్వర బెట్టకు వెళ్ళి, దణ్ణం పెట్టుకుని, జిల్లా కేంద్రంలోకి మాత్రం రాకుండా తిరిగొచ్చిన ముఖ్యమంత్రులున్నారు. వెళ్ళినవాళ్ళకీ పోయింది, వెళ్ళనివాళ్ళకీ పోయింది. ఎందుకంటే కర్ణాటకలో ముఖ్యమంత్రి పదవి అంటేనే పోయేది! 1985 తరవాత ఇక్కడ అధికారంలో ఉన్న పార్టీ ఏదీ వరసగా రెండోసారి గెలవలేదు. అర్స్ తరవాత అయిదేళ్ళు నిండా కూర్చున్న మొదటి ముఖ్యమంత్రి సిద్ధరామయ్య, 2013 నుంచి 2018 దాకా. ఆయన ఆ అయిదేళ్ళలో చామరాజనగరకు మాటిమాటికీ వెళ్ళొచ్చారు.

(సభలోంచి: 2018లో ఓడిపోయారు కదండీ!)

ఓడిపోయారు. చూశారా, నమ్మకం ఎంత గట్టిదో! అయిదేళ్ళు నిలబడ్డా దాని ఖాతాలోనే పడుతుంది. మరి 2023లో మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు కదా, అది ఎవరి ఖాతాలో వేద్దామంటారు?

(నవ్వులు)

ఉత్తరప్రదేశ్‌లో నోయిడాకి సరిగ్గా ఇదే పేరుంది. 1988లో అక్కడి ముఖ్యమంత్రి వీర్ బహాదుర్ సింగ్ పదవి పోయిన దగ్గర్నుంచి. అఖిలేష్ యాదవ్ అయిదేళ్ళూ అటు వెళ్ళకుండా లక్నో నుంచే ప్రారంభోత్సవాలు చేశారు, 2017లో ఓడిపోయారు. యోగి ఆదిత్యనాథ్ 2017 డిసెంబరులో మెట్రో కోసం వెళ్ళారు, 2022లో గెలిచారు. అది అంతవరకు.

నేను ఇంతసేపు చామరాజనగర దగ్గర ఎందుకు ఆగానంటే, చాట్‌బాట్ కథంతా ఇందులోనే ఉంది. దాన్ని, చామరాజనగర శాపం నిజమేనా అని అడిగి చూడండి. పెద్దమనిషి తరహాలో, అది కేవలం నమ్మకమే, శాస్త్రీయ ఆధారం లేదు అంటుంది. అదే చాట్‌బాట్‌ని, చామరాజనగరకు వెళ్ళి పదవి పోగొట్టుకున్న ముఖ్యమంత్రుల జాబితా ఇవ్వు అని అడగండి. బ్రహ్మాండంగా ఇస్తుంది. పేర్లు, ఏళ్ళు, వెళ్ళిన ఎన్ని నెలలకి పదవి పోయిందో కూడా. నేను అడిగినప్పుడు అందులో ఒకాయనకి ఆయన ముఖ్యమంత్రి కాని ఏడాదిలో ఆ ఊరి పర్యటన కట్టబెట్టింది. ఇక వెళ్ళకపోయినా పదవి పోయినవాళ్ళ జాబితా అడిగితే నీళ్ళు నమిలింది. యంత్రానికి పక్షపాతం ఉండి కాదు. మనం రాసిపెట్టలేదు కాబట్టి. కొన్ని దశాబ్దాలుగా పత్రికలు, టీవీలు, మనమూ కలిసి తగిలినవే రాశాం, తప్పినవి రాయలేదు. మనం రాసిందే అది చదివింది.

ప్రశ్న అడిగే పద్ధతి గురించి ఒక మాట. మా ఊళ్ళో సోది చెప్పే ఎరుకలావిడ వచ్చేది. చేతిలో చెయ్యి పెట్టించుకుని, ఇంటి పెద్దదిక్కు గురించి దిగులుపడుతున్నావు తల్లీ, అనేది. మా అమ్మమ్మ, అవునే, ఆయనకి మోకాళ్ళ నొప్పులు, అనేది. ఆ, ఆ మోకాళ్ళే తల్లీ నాకు కనబడేది, అనేదావిడ. మోకాళ్ళ సమాచారం ఎటునుంచి ఎటు పోయిందో గమనించారు కదా. చాట్‌బాట్‌తో మన సంభాషణల్లో సగం ఇలాగే నడుస్తాయి. ప్రశ్నలో మనం ఏది నిజమని అనుకుని అడిగామో, దాన్నే జవాబులో తీర్చిదిద్ది తిరిగి మన చేతిలో పెడుతుంది. మనుషులు మెచ్చిన జవాబులకి ఎక్కువ మార్కులు వేస్తూ దానికి తర్ఫీదిచ్చారు కాబట్టి, మనల్ని మెప్పించడం దాని రక్తంలో ఉంది. రక్తం లేదనుకోండి. 2025 ఏప్రిల్‌లో చాట్‌జీపీటీలో ఒక మార్పు తెచ్చారు. ప్రతిదానికీ ఆహా ఓహో అని భజన చెయ్యడం మొదలుపెట్టింది. జనం మొత్తుకుంటే కొద్దిరోజుల్లోనే ఆ కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంది. భజన మరీ ఎక్కువైందని వాళ్ళే ఒప్పుకున్నారు. నాయకుల చుట్టూ చేరే భజనపరులకి ఈపాటి దిద్దుబాటు కూడా లేదు.

నాయకులంటే గుర్తొచ్చింది. మన విధానసౌధలో నిమ్మకాయల చరిత్ర విడిగా రాయదగ్గది. 2019 జులైలో కుమారస్వామి ప్రభుత్వం మీద విశ్వాస పరీక్ష జరుగుతున్నప్పుడు, వాళ్ళ అన్నగారు రేవణ్ణ చేతిలో నిమ్మకాయలతో వచ్చారని, చేతబడి అని అవతలి పార్టీవాళ్ళు అన్నారు. నిమ్మకాయలతో ప్రభుత్వాలు నిలుస్తాయా అని ముఖ్యమంత్రే సభలో అడగాల్సి వచ్చింది. జులై 23న ఓటింగ్ జరిగింది. 99, 105. నిలబడలేదు. యడియూరప్ప 2007లో ఇంగ్లీషులో తన పేరు స్పెల్లింగు మార్చుకున్నారు, 2019లో మళ్ళీ పాత స్పెల్లింగుకే వచ్చారు. జయలలిత 2001లో తన పేరు చివర ఇంకో ‘ఎ’ చేర్చుకున్నారు. ఆ ఏడు గెలిచారు, ఆ ఏడే సుప్రీంకోర్టు తీర్పుతో దిగారు, మరుసటి ఏడు మళ్ళీ ఎక్కారు. ఆ ‘ఎ’ ఏ పక్షాన పనిచేసిందో తేల్చడం కష్టం. మన తెలుగువాళ్ళమేం తక్కువ తినలేదు. హైదరాబాదులో పాత సచివాలయం కూలగొట్టి కొత్తది కట్టడానికి వాస్తు ఒక కారణమని ఊరంతా చెప్పుకున్నారు. 2023 ఏప్రిల్ 30న ప్రారంభించారు, డిసెంబరులో ప్రభుత్వం మారింది.

విధానసౌధలోనే ముఖ్యమంత్రి గదికి దక్షిణం వైపు తలుపొకటి ఉంది. వాస్తు బాగాలేదని మూసి ఉంచారు. 2023 జూన్‌లో సిద్ధరామయ్య అక్కడ నిలబడి, ఎందుకు మూశారని అడిగి తెరిపించుకుని ఆ తలుపులోంచే లోపలికి వెళ్ళారు. మెచ్చుకోవాల్సిందే. అయితే ఆయన గారి కారు మీద 2016లో కాకి వాలితే, ఆ కారు మార్చేశారని వార్తలొచ్చాయి. కొత్త కారు కొనాలని ముందే అనుకున్నాం అని వివరణ ఇచ్చారు. ఉండొచ్చు. కాకిని అడిగినవాళ్ళు లేరు.

(నవ్వులు)

చేతబడి, అమానుష ఆచారాల మీద కర్ణాటక 2017లో చట్టం చేసింది, 2020 జనవరిలో అమల్లోకి వచ్చింది. మంచి చట్టమే. అందులో జ్యోతిషం, వాస్తు సలహాలకు మినహాయింపు ఉంది. శాసనకర్తలకీ ఇళ్ళుంటాయి కదా.

ఇప్పుడు అసలు పని. ఒక జోస్యం నమ్మదగ్గదా కాదా అని తేల్చడానికి పద్ధతేమిటి? ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ గారు పుణెలో చేసి చూపించారు. నూరుమంది తెలివైన విద్యార్థులు, నూరుమంది మానసిక ఎదుగుదల లేని పిల్లలు. రెండొందల జాతకాలు కలిపేశారు. జ్యోతిషుల్ని పిలిచి, ఒక్కొక్కరికి 40 జాతకాలిచ్చి, ఏది ఏ కోవకి చెందుతుందో చెప్పమన్నారు. 27 మంది జవాబులు పంపారు. ఫలితం 2009లో అచ్చయింది. సగటున నూటికి 46 సరిపోయాయి. రూపాయి బిళ్ళ ఎగరేస్తే 50 వస్తాయి. ఒక జ్యోతిష సంస్థ రెండొందలూ చూసి 102 సరిగ్గా చెప్పింది. దీంట్లో గొప్పతనం ఎక్కడుందంటే, నార్లికర్ ఎవరినీ దూషించలేదు, ఎవరి నమ్మకాన్నీ వెక్కిరించలేదు. జవాబు ముందే తెలిసిన ప్రశ్నలిచ్చారు, వచ్చిన జవాబులన్నీ లెక్కపెట్టారు. తగిలినవీ, తప్పినవీ.

ఈ బాట మన బసవనగుడికి కొత్తది కాదు. ఇక్కడికి దగ్గర్లోనే నేషనల్ కాలేజీ ఉంది. హెచ్. నరసింహయ్య గారు ఆ కాలేజీ మనిషే, 1962లో సైన్స్ ఫోరం పెట్టినదీ ఆయనే. బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా ఉన్నప్పుడు 1976లో మహిమల్ని పరిశీలించడానికి ఒక కమిటీ వేశారు. దేశమంతా గగ్గోలైంది. ఆయన అడిగింది మాత్రం చాలా చిన్నది. మేం చూస్తుండగా, మేం పెట్టిన షరతుల్లో చెయ్యండి అని, అంతే.

చాట్‌బాట్లకీ ఇలాంటి పరీక్ష జరిగింది. 2025 అక్టోబరులో ఐరోపా ప్రసార సంస్థల సంఘం, బీబీసీ కలిసి ఫలితాలు బయటపెట్టాయి. 18 దేశాల్లోని 22 సంస్థల పాత్రికేయులు, 14 భాషల్లో, వార్తల గురించి పేరున్న నాలుగు చాట్‌బాట్లని అడిగి, 3 వేలకు పైగా జవాబులు పరిశీలించారు. నూటికి 45 జవాబుల్లో చెప్పుకోదగ్గ తప్పు కనీసం ఒకటి ఉంది. సమాచారం ఎక్కడినుంచి తెచ్చిందో చూపడంలోనే పెద్ద లోపాలున్నవి నూటికి 31. ఆ 14 భాషల్లో మన దేశపు భాష ఒక్కటీ లేదు. తెలుగు సమాచారం దానికి దొరికిందే తక్కువ. పైగా మన అక్షరాల్ని అది ఇంగ్లీషు కన్నా ఎక్కువ ముక్కలుగా కొట్టుకుని చదువుతుంది. కాబట్టి తెలుగులో అడిగితే మెరుగ్గా ఉంటుందని ఆశపడే కారణం నాకు కనబడదు. తెలుగు వాక్యం అందంగా ఉంది కదా అని మోసపోయేది మనమే.

తెలియనప్పుడు తెలియదని ఎందుకు అనదు? చాట్‌జీపీటీ తయారుచేసినవాళ్ళే 2025 సెప్టెంబరులో దీనిమీద ఒక పత్రం వెలువరించారు. వాళ్ళు చెప్పిన కారణం మన ఎంసెట్ పిల్లలందరికీ తెలిసిందే. నెగెటివ్ మార్కులు లేని పరీక్షలో ఎవడూ ఖాళీ వదలడు. ఏదో ఒక గడి నింపేస్తాడు, తగిలితే మార్కు. ఈ యంత్రాల్ని కొలిచే పరీక్షలు చాలావరకు అలాగే ఉన్నాయి. ‘తెలియదు’ అంటే సున్నా. తప్పు చెప్పినా సున్నా. మరి ఊహించక చస్తుందా?

నాలాంటివాడు చేతబడి గురించి అడిగితే జరిగే నష్టం పెద్దగా లేదు. కోర్టులోకి వెళితే వేరు. 2023లో న్యూయార్క్‌లో ఒక విమానయాన సంస్థ మీద వేసిన దావాలో లాయర్లు అసలు లేని కేసుల్ని ఉదహరించారు. న్యాయమూర్తి 5 వేల డాలర్ల జరిమానా వేశారు. నన్ను ఆశ్చర్యపరిచింది జరిమానా కాదు. ఆ లాయరుకి మధ్యలో అనుమానం వచ్చింది. వచ్చి, ఈ కేసు నిజంగా ఉందా అని మళ్ళీ చాట్‌జీపీటీనే అడిగాడు. ఉంది అంది. జోస్యం సరైనదేనా అని జోస్యం చెప్పినవాణ్ణే అడగడం! అది ఎక్కడో అమెరికాలో అనుకోకండి. ఈ ఊళ్ళోనే, 2024 డిసెంబరులో ఆదాయపన్ను అప్పీళ్ళ ట్రిబ్యునల్ బెంచి ఒక ట్రస్టు కేసులో ఇచ్చిన ఉత్తర్వులో లేని సుప్రీంకోర్టు తీర్పులు కనబడ్డాయి. ఉత్తర్వు వెనక్కి తీసుకున్నారు. మరుసటి మార్చిలో, ఇక్కడి సివిల్ కోర్టు జడ్జి ఒకరు లేని తీర్పుల్ని ఉదహరించారని హైకోర్టు తప్పుబట్టింది. యంత్రం వాడారా, ఇంకెవరైనా రాసిచ్చారా అన్నది అలా ఉంచండి. అందులో చూడకుండా సంతకం పెట్టడం ఉంది చూశారా, అది మనిషి చేసిందే.

పదవిలో ఉన్నవాళ్ళు ఎవరిని అడిగి నిర్ణయాలు తీసుకుంటున్నారు అన్నది కూడా పాత ప్రశ్నే. 1981లో రీగన్ మీద కాల్పులు జరిగాక, ఆయన భార్య శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక జ్యోతిషురాలిని అడిగి ఆయన ప్రయాణాలకి ముహూర్తాలు పెట్టించేవారు. శ్వేతసౌధంలో ప్రధాన అధికారి బల్లమీద రంగుల క్యాలెండరు ఉండేది, మంచిరోజులకి ఆకుపచ్చ, చెడ్డరోజులకి ఎరుపు. 1988లో ఆ అధికారే బయటపెట్టాడు. 2025 ఆగస్టులో స్వీడన్ ప్రధాని, తాను తరచూ చాట్‌బాట్లని రెండో అభిప్రాయం కోసం అడుగుతానని చెప్పారు. మేం ఓటేసింది చాట్‌జీపీటీకి కాదని అక్కడి ప్రొఫెసరొకరు గట్టిగానే అన్నారు. స్వీడన్ ప్రధాని చెప్పారు కాబట్టి తెలిసింది. మన దగ్గర చెప్పనివాళ్ళెందరో! ముహూర్తం అడిగి సంతకం పెట్టిన ఫైలు ఏదో, యంత్రాన్ని అడిగి పెట్టిన ఫైలు ఏదో మనకి తెలిసే దారి లేదు. తాయెత్తు చొక్కా లోపల ఉంటుంది. ఇప్పుడు ఫోన్ చొక్కా జేబులో ఉంటోంది.

నేను నాస్తికుణ్ణి అనుకుని కొందరు ఇబ్బందిగా కదులుతున్నారు. మా గుమ్మానికీ బూడిద గుమ్మడికాయ వేలాడుతోందండీ, మా ఆవిడ కట్టింది, నేనే నిచ్చెన పట్టుకున్నాను. మా ఆఫీసులో ఆయుధపూజ నాడు సర్వర్లకి కుంకుమబొట్టు పెడతారు. పెట్టనీయండి. బొట్టు పెట్టి బ్యాకప్ తియ్యడం మానేస్తే కదా చిక్కు.

దీనికి మన ఊళ్ళోనే ఉన్న ఇస్రో కన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. చంద్రయాన్-2 ముందు ఇస్రో అధిపతి తిరుమల వెళ్ళారు. చంద్రయాన్-3 ముందూ ఇస్రో బృందం రాకెట్ నమూనా పట్టుకుని తిరుమల వెళ్ళింది, అధిపతి సూళ్ళూరుపేటలో చెంగాళమ్మ దర్శనం చేసుకున్నారు. 2019 సెప్టెంబరులో ల్యాండరు కూలింది. 2023 ఆగస్టు 23న దిగింది. దర్శనం రెండుసార్లూ జరిగింది. మధ్యలో మారిందేమిటి? ఎక్కడెక్కడ పాడవడానికి వీలుందో రాసుకుని దానికి తగ్గట్టు మళ్ళీ కట్టారు. కాళ్ళు గట్టిపరిచారు, ఇంధనం పెంచారు, సాఫ్ట్‌వేర్ మార్చారు. అంతకుముందు 500 మీటర్ల చదరంలో దిగాలనుకున్నది, ఈసారి 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పు చోటు ఇచ్చారు. కూలిన ల్యాండరు లెక్కని దాచిపెట్టకుండా బల్లమీద పరిచారు కాబట్టి కుదిరింది. ఆ పని మీరు చాట్‌బాట్‌తో చెయ్యాలంటే పెద్ద చదువు అక్కర్లేదు. మీకు కూలంకషంగా తెలిసిన విషయం, మీ ఊరి గుడి చరిత్రో, మీ ఉద్యోగంలో పనో, దాన్ని అడగండి. ఎన్ని తప్పులొచ్చాయో కాగితం మీద రాసుకోండి. మీకు తెలియని విషయంలోనూ అదే పాళ్ళలో తప్పులుంటాయనుకుని చదవండి.

నాకిచ్చిన సమయం అయిపోయిందని చీటీ వచ్చింది. ఒకటి రెండు ప్రశ్నలుంటే తీసుకుంటాను.

(ఒక పెద్దాయన: రాహుకాలం అడిగితే సరిగ్గా చెబుతుందాండీ? మావాడు పంచాంగం చూడటం మానేసి దాన్నే అడుగుతున్నాడు.)

మంచి ప్రశ్నండీ. రాహుకాలం నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం, లెక్క మాత్రం లెక్కే. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా ఉన్న కాలాన్ని ఎనిమిది భాగాలు చెయ్యాలి. సోమవారం రెండో భాగం, శనివారం మూడోది, శుక్రవారం నాలుగు, బుధవారం అయిదు, గురువారం ఆరు, మంగళవారం ఏడు, ఆదివారం ఎనిమిది. ఆరింటికి పొద్దుపొడిచి ఆరింటికి కుంకుతుందనుకుని వేసిన పట్టిక అందరికీ నోటికొచ్చు. ఆ పట్టిక ఎక్కువచోట్ల అచ్చయింది కాబట్టి చాట్‌బాట్ దాన్ని టకటకా అప్పజెబుతుంది. ఆదివారం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు అంటుంది. కానీ జూన్ నెలలో బెంగళూరులో పొద్దు గుంకేది ఆరూ ముప్పావు దాటాక. భాగం ఒక్కోటి గంటన్నర కన్నా ఎక్కువొస్తుంది. అప్పుడు ఆదివారం రాహుకాలం అయిదుంపావు దగ్గర మొదలవుతుంది, ఆరూ ముప్పావు దాటేదాకా ఉంటుంది. మీవాడు ఆరింటికి రాహుకాలం వెళ్ళిపోయిందనుకుని బయల్దేరితే సరిగ్గా మధ్యలో బయల్దేరినట్టు.

(నవ్వులు. పెద్దాయన: అయితే పంచాంగమే చూడమంటారా?)

బెంగళూరుకి గణించిన పంచాంగం అయితే చూడమనండి. విజయవాడకి గణించినది గోడకి తగిలించుకుని ఉంటే, అదీ కొన్ని నిమిషాలు తేడా. ఇంకెవరైనా?